48 పోర్టుల స్విచ్‌కి 336 జీబీపీఎస్ బ్యాక్‌ప్లేన్ ఎందుకు? మూడు కొటేషన్లు, ఒక తలనొప్పి

గుంటూరు_ల్యాబ్ · సోమవారం, ఉదయం 10:42

నమస్కారమండీ. గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్నాను. అడ్మిన్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగేదీ నేనే, ప్రొజెక్టర్ రిమోట్ వెతికేదీ నేనే.

మెయిన్ బ్లాకులో 38 కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే ఒక ఎన్‌వీఆర్, అన్నీ ఒకే 48 పోర్టుల గిగాబిట్ పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ తీగలన్నింటినీ కలిపే డబ్బా, ఆ తీగ మీదే కెమెరాకి కరెంటు కూడా ఇస్తుంది) మీద ఉన్నాయి. రాత్రంతా రికార్డింగ్ శుభ్రంగా ఉంటుంది. పొద్దున బస్సులొచ్చే వేళకి, అంటే 8:45 నుంచి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. కొన్ని కెమెరాలు ఎన్‌వీఆర్లో మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతాయి. సప్లయర్ వచ్చి చూసి "మీ స్విచ్ బ్యాక్‌ప్లేన్ 104 జీబీపీఎస్సే సార్, ఇంత ట్రాఫిక్ తట్టుకోలేదు, మార్చాల్సిందే" అన్నాడు. అక్కడికక్కడే మూడు కొటేషన్లు చేతిలో పెట్టాడు.

మొదటిది: 48 గిగాబిట్ పోర్టులు, 4 టెన్ గిగ్ పోర్టులు. స్విచింగ్ కెపాసిటీ 176 జీబీపీఎస్ (సెకనుకి గిగాబిట్లు), 130.9 ఎంపీపీఎస్ (సెకనుకి మిలియన్ ప్యాకెట్లు).
రెండోది: పోర్టులు అచ్చం అవే. బ్యాక్‌ప్లేన్ 336 జీబీపీఎస్, 130.9 ఎంపీపీఎస్. ధర మొదటిదానికి ఒకటిన్నర రెట్లు.
మూడోది: 48 గిగాబిట్, 4 ఒక గిగ్ ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ మాడ్యూల్ పెట్టే పోర్టులు). 104 జీబీపీఎస్, 77.4 ఎంపీపీఎస్. అంటే ఇప్పుడున్నదాని తమ్ముడే.

మా కరస్పాండెంట్ గారు "పెద్ద నంబరున్నది తీసుకో, మళ్లీ మళ్లీ కొనలేం" అంటున్నారు. అసలీ బ్యాక్‌ప్లేన్ అంటే ఏంటి? స్విచింగ్ కెపాసిటీ వేరా, ఇది వేరా? పోర్టులు ఒకటే అయినప్పుడు ఒకదానికి 176, ఇంకోదానికి 336 ఎలా వచ్చాయి?

---

వరంగల్_వైరింగ్ · సోమవారం, ఉదయం 11:15

అన్నా, ముందుగాల కెమెరా బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) ఎంత పెట్టినవో చెప్పు. మామూలుగా 4 ఎంబీపీఎస్ అనుకుందాం. 38 ఇంటూ 4 అంటే 152. నీ పాత స్విచ్‌ల ఉన్నది 104 జీబీపీఎస్, అంటే లక్షా నాలుగు వేల ఎంబీపీఎస్. 152కు లక్ష చాలదా? మీ సప్లయర్ చెరువుల నీళ్లు చాలక చెంబు మునుగుతలేదంటున్నడు.

బ్యాక్‌ప్లేన్ సంగతి పెద్దోళ్లు చెప్తరు. నాదొక్కటే మాట. ఆ కొటేషన్లల్ల పీఓఈ వాట్లు ఎంత రాసిండ్రో చూస్కో. 48 పోర్టుల మీద పోర్టుకు 15.4 వాట్లు ఇయ్యాలంటే 740 వాట్ల బడ్జెట్ కావాలె. 370 వాట్ల మోడల్ అయితే ఫుల్ పవర్ 24 పోర్టులకే. మేం సైట్ల మీద గొడవ పడేది దీనికోసమే, జీబీపీఎస్ కోసం కాదు.

---

ప్యాకెట్_పద్మ · సోమవారం, మధ్యాహ్నం 1:05

నేను స్విచ్ చిప్‌లు టెస్ట్ చేసే పనిలో ఉన్నాను. మొదట పేరు గొడవ తేల్చేద్దాం.

బ్యాక్‌ప్లేన్ అనేది పెద్ద చాసిస్ స్విచ్‌లకు సంబంధించిన మాట. పొడుగాటి పెట్టె, అందులో నిలువునా కార్డులు దిగుతాయి. ఆ కార్డుల వెనకాల వాటన్నింటినీ కలిపే బోర్డు ఒకటుంటుంది. అదీ బ్యాక్‌ప్లేన్. మీ 48 పోర్టుల డబ్బా మూత విప్పి చూస్తే అలాంటి బోర్డేమీ కనబడదు. మధ్యలో హీట్‌సింక్ కింద ఒక చిప్, మహా అయితే రెండు. పోర్టులన్నీ అందులోకే వెళ్తాయి. కాబట్టి ఇలాంటి స్విచ్‌కి "బ్యాక్‌ప్లేన్" అని రాశారంటే పాత అలవాటు కొద్దీ రాసిన మాటే. ఉద్దేశం స్విచింగ్ కెపాసిటీయే.

ఇప్పుడు లెక్క. గిగాబిట్ పోర్టు ఒకేసారి 1 జీబీపీఎస్ పంపగలదు, 1 జీబీపీఎస్ తీసుకోగలదు. అందుకే రెండుతో గుణిస్తారు. మూడో కొటేషన్: 48 + 4 = 52, ఇంటూ 2, 104. సరిగ్గా సరిపోయింది. మొదటిది: 48 + 40 = 88, ఇంటూ 2, 176. అదీ సరిపోయింది. రెండూ తమ పోర్టులన్నీ ఒక్కసారి నిండినా మోయగలవు. నాన్ బ్లాకింగ్ అంటే అదే. "104 తక్కువ, 176 ఎక్కువ" అన్న పోలికే తప్పు. 104 వాడికి పోర్టుల వేగం తక్కువ, అందుకని అవసరమూ తక్కువ.

రెండో దాని 336 అసలు వింత. పోర్టుల అవసరం 176. మిగిలిన 160 ఎక్కడికి పోతుంది? ఆ చిప్ ఇంకా ఎక్కువ పోర్టులకోసం తయారై ఉండొచ్చు, డబ్బా ముందువైపు ఆ పోర్టులు పెట్టకపోవచ్చు. లేదా స్టాకింగ్ పోర్టులు (స్విచ్‌లను ఒకదానితో ఒకటి కలిపేవి) కలిపి ఉండొచ్చు. ఏదైనా మీకు కలిసొచ్చేదేం లేదు. ఎంపీపీఎస్ రెండింటికీ 130.9 దగ్గరే ఆగిందని గమనించారా? నిజం చెప్పే నంబరు అదే.

---

సీసీఎన్‌ఏ_కుర్రోడు · సోమవారం, మధ్యాహ్నం 2:30

మేడమ్, ఆ 130.9 ఎలా వచ్చింది? మా ఇన్‌స్టిట్యూట్లో "ఒక గిగ్‌కి 1.488 గుర్తుపెట్టుకో" అన్నారు గానీ ఎందుకో చెప్పలేదు.

---

ప్యాకెట్_పద్మ · సోమవారం, మధ్యాహ్నం 3:12

ఈథర్‌నెట్లో అతి చిన్న ఫ్రేము (తీగ మీద పోయే ఒక డేటా మూట) 64 బైట్లు. తీగ మీద అది ఒంటరిగా పోదు. ముందు 8 బైట్ల ప్రియాంబుల్ (ఫ్రేము వస్తోందని చెప్పే గుర్తు), వెనక 12 బైట్లంత ఖాళీ. మొత్తం 84 బైట్లు, అంటే 672 బిట్లు. వంద కోట్ల బిట్లను 672తో భాగించు. 14,88,095 వస్తుంది. సెకనుకి అన్ని ప్యాకెట్లు. అదే నీ 1.488 ఎంపీపీఎస్. 88 గిగ్‌లకి గుణిస్తే 130.95. 52 గిగ్‌లకి 77.38.

చిన్న ఫ్రేముతోనే ఎందుకంటే, స్విచ్‌కి కష్టమంతా హెడర్ చదివి ఎటు పంపాలో నిర్ణయించడంలో ఉంటుంది. 1,518 బైట్ల ఫ్రేము అయినా 64 బైట్లదయినా అడ్రసు వెతకడం ఒక్కసారే. పెళ్లిలో చదివింపులు రాసేవాడిని తలుచుకో. వెయ్యినూటపదహార్లు ఇచ్చినా, పదకొండు రూపాయలు ఇచ్చినా పేరూ ఊరూ రాయక తప్పదు. పదకొండు రూపాయల వాళ్లంతా ఒకేసారి వస్తే రాసేవాడి చెయ్యి పడిపోతుంది.

జీబీపీఎస్ భారీగా ఉండి, ఎంపీపీఎస్ మాత్రం పోర్టుల లెక్క కన్నా తక్కువుంటే అనుమానించు.

---

టెండర్_బాధితుడు · సోమవారం, సాయంత్రం 5:48

కడుపు మండి రాస్తున్నాను. ఏ ఆఫీసో అడక్కండి. పోయినసారి మా టెండర్లో ఎవరో మహానుభావుడు "బ్యాక్‌ప్లేన్ 250 జీబీపీఎస్‌కి తగ్గరాదు" అని రాశాడు. 24 పోర్టుల స్విచ్‌కి! 24 గిగ్, 4 టెన్ గిగ్ అనుకున్నా 128 దాటదు. మంచి మంచి స్విచ్‌లన్నీ టెక్నికల్ బిడ్‌లోనే ఎగిరిపోయాయి. మిగిలింది ఒక్కటే మోడల్. స్పెసిఫికేషన్ ఏ డేటాషీట్ నుంచి దిగిందో అప్పుడర్థమైంది.

పద్మ గారూ, టెండర్లో ఎలా రాస్తే ఈ పీడ వదులుతుంది?

---

ప్యాకెట్_పద్మ · సోమవారం, రాత్రి 8:20

నంబరు వేయకండి. "ఇచ్చిన పోర్టులన్నింటి మీదా, అప్‌లింకులతో (మిగతా నెట్‌వర్క్‌కి వెళ్లే పోర్టులతో) సహా, 64 బైట్ల ఫ్రేములతో ఒకేసారి పూర్తి వేగం రావాలి, నాన్ బ్లాకింగ్ అయి ఉండాలి" అని రాయండి. పోర్టులు మారితే లెక్క దానంతట అదే మారుతుంది. రుజువు కావాలంటే ఆర్‌ఎఫ్‌సీ 2544, ఆర్‌ఎఫ్‌సీ 2889 (నెట్‌వర్క్ పరికరాలను ఎలా కొలవాలో చెప్పే పత్రాలు) ప్రకారం టెస్ట్ రిపోర్టు అడగండి. మొదటిది 1999 నాటిది, 64 నుంచి 1,518 బైట్ల దాకా ఏడు సైజులతో కొలుస్తుంది. రెండోది 2000 నాటిది, ప్రత్యేకంగా స్విచ్‌ల కోసమే. ప్రతి పోర్టూ మిగతా అన్ని పోర్టులకీ పంపుతూ ఉన్నప్పుడు ఏమవుతుందో చూస్తారు. డేటాషీట్ వీరులు నీళ్లు నమిలేది అక్కడే.

---

బే_ఏరియా_సుబ్బు · మంగళవారం, ఉదయం 6:10

ఆ "ఇంటూ 2" గురించి ఒక మాట. అబద్ధం కాదు గానీ అందరూ ఒకేలా లెక్కపెట్టరు, చిక్కంతా అక్కడే. డబ్బా అమ్మేవాళ్లు రాకా పోకా కలిపి చెబుతారు, చిప్ అమ్మేవాళ్లు ఒకవైపే చెబుతారు. బ్రాడ్‌కామ్ టోమాహాక్ 5 చిప్ 51.2 టీబీపీఎస్ (ఒక టీబీపీఎస్ అంటే వెయ్యి జీబీపీఎస్), అంటే 64 పోర్టులు ఇంటూ 800 గిగ్. ఒకవైపు లెక్కే. 2014లో వచ్చిన మొదటి టోమాహాక్ 3.2 టీబీపీఎస్, 32 ఇంటూ 100. అదే చిప్పు పెట్టిన డబ్బాల మీద 6.4 అని రాసుకున్నారు. సిస్కో క్యాటలిస్ట్ 2960 ఎక్స్ డేటాషీట్లో అయితే రెండూ పక్కపక్కనే ఉంటాయి: ఫార్వర్డింగ్ 108, స్విచింగ్ 216. కొత్తవాళ్లు రెండూ వేరే వేరే సామర్థ్యాలనుకుని బుర్ర బద్దలు కొట్టుకుంటారు.

పాత చాసిస్‌ల దగ్గర ఇంకా తమాషా. క్యాటలిస్ట్ 6500లో మొదట అన్ని కార్డులకీ కలిపి 32 జీబీపీఎస్ బస్ (ఉమ్మడి దారి) ఒకటే. తర్వాత సూపర్‌వైజర్ (చాసిస్‌ని నడిపే ప్రధాన కార్డు) 720 వచ్చింది. ఆ 720 ఏంటో తెలుసా? 18 ఫ్యాబ్రిక్ (కార్డులను కలిపే లోపలి వల) దారులు, ఒక్కోటి 20 గిగ్, మొత్తం 360, రాకపోకలు కలిపి 720. అంతా బాగానే ఉంది. కానీ అందులో 48 పోర్టుల 6748 కార్డు పెడితే దానికి దొరికేది రెండు దారులే, 40 గిగ్. 48 వచ్చి 40లో దూరాలి. పెట్టె మీద 720 అని ఉన్నా మీ కార్డుకి దక్కేది 40.

చాసిస్ కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న "మొత్తం ఎంత" కాదు, "స్లాటుకి ఎంత". 4500 సిరీస్‌లో తర్వాత వచ్చిన సూపర్‌వైజర్ 7ఈ స్లాటుకి 48 గిగ్ ఇస్తుంది. కానీ పాత కార్డు దింపితే ఆ స్లాటు 6 గిగ్ దగ్గరే ఉండిపోతుంది. కొత్త కోడలొచ్చినా పాత పొయ్యే.

---

పాత_ఎక్స్‌ఛేంజి · మంగళవారం, ఉదయం 7:35

పిల్లలూ, టెలికాంలో రిటైరైన వాణ్ణి. మీరు నాన్ బ్లాకింగ్ అంటుంటే ముచ్చటగా ఉంది. ఈ మాట మా ఇంట్లో పుట్టింది. బెల్ ల్యాబ్స్‌లో ఛార్లెస్ క్లో (Clos) 1953లో రాసిన పేపరు ఉంది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో స్విచ్‌లను మూడు అంచెలుగా పేరిస్తే, మధ్య అంచెలో ఎన్ని ఉంటే ఏ ఖాళీ లైనయినా ఇంకో ఖాళీ లైనుతో ఎప్పుడైనా కలపొచ్చో లెక్కకట్టాడు. మొదటి అంచెలో ఒక్కో స్విచ్‌కి n లైన్లు వస్తే మధ్యలో 2n−1 స్విచ్‌లు కావాలి. 8 లైన్లకు 15. ఇప్పుడు మీ డేటా సెంటర్లలో లీఫ్, స్పైన్ అంటున్నది ఆ ముగ్గుకే కొత్త రంగు.

కానీ ఊళ్లో ఎక్స్‌ఛేంజి ఎప్పుడూ అలా కట్టలేదు. వెయ్యిమంది చందాదారులుంటే వెయ్యిమందీ ఒకేసారి మాట్లాడరని నమ్మి కట్టాం. రోజువారీ బండి నడిచేది. జనవరి ఒకటో తారీఖు రాత్రి పన్నెండుకి మాత్రం "ఈ మార్గంలోని అన్ని లైన్లూ రద్దీగా ఉన్నాయి" అని అమ్మాయి గొంతు వినబడేది. దాన్ని లోపమని ఎవరూ అనలేదు. ఆ ఒక్క రాత్రి కోసం పది రెట్లు ఖర్చు పెట్టలేం కదా!

గుంటూరు అబ్బాయికి అడుగుతున్నా. నీ కాలేజీలో జనవరి ఒకటి ఏ రోజు?

---

గుంటూరు_ల్యాబ్ · మంగళవారం, ఉదయం 9:50

మంచి ప్రశ్న గురువుగారూ. ఆన్‌లైన్ ఎగ్జామ్ ముందు రోజు. 60 సిస్టమ్‌లకీ 20 జీబీ ఇమేజ్ (సిస్టమ్ మొత్తానికీ తయారు కాపీ) సర్వర్ నుంచి ఎక్కించాలి. పోయినసారి సాయంత్రం మొదలుపెట్టి తెల్లారి నాలుగింటికి ఇంటికెళ్లాను. ఇదీ బ్యాక్‌ప్లేన్ వల్లేనా?

వరంగల్ అన్నా, బిట్‌రేట్ 4 అనే పెట్టాం. వేరియబుల్. పీఓఈ 740 వాట్లు.

---

బే_ఏరియా_సుబ్బు · మంగళవారం, ఉదయం 10:25

కాదు. లెక్క వేద్దాం. 60 ఇంటూ 20 జీబీ అంటే 1,200 జీబీ. బిట్లలో 9,600 గిగాబిట్లు. సర్వర్ ఒక గిగ్ పోర్టు మీద ఉంటే ఏ అడ్డంకీ లేకపోయినా 9,600 సెకన్లు, అంటే 2 గంటల 40 నిమిషాలు. అది దేవుడు దిగొచ్చినా తగ్గదు. మిగతా సమయం డిస్కులూ, మళ్లీ మళ్లీ ఫెయిలైన సిస్టమ్‌లూ తినేసి ఉంటాయి.

విజయవాడ బస్టాండ్ చూశారుగా. ప్లాట్‌ఫారాలు ఎన్నున్నా బస్సులన్నీ బయటకు పోవాల్సింది ఒకే గేటు గుండా అనుకోండి. గేటు దగ్గర బస్సులాగితే "బస్టాండ్ లోపల రోడ్డు వెడల్పు చేయండి" అనడమే మీ సప్లయర్ చెబుతున్న బ్యాక్‌ప్లేన్ వైద్యం. సర్వర్‌కి టెన్ గిగ్ కార్డు వేసి, స్విచ్ టెన్ గిగ్ పోర్టులో పెడితే అదే పని 16 నిమిషాల దాకా దిగొచ్చు. డిస్కు సహకరించాలి సుమా. లేదంటే మల్టీకాస్ట్ ఇమేజింగ్ వాడండి. ఒక్కసారి పంపితే 60 మందీ వింటారు.

అందుకని మొదటి కొటేషన్ తీసుకోండి అంటాను. 176 చూసి కాదు, ఆ నాలుగు టెన్ గిగ్ పోర్టులు చూసి.

---

సీసీఎన్‌ఏ_కుర్రోడు · మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఒక తిక్క ప్రశ్న. స్విచ్ నాన్ బ్లాకింగ్ అయితే ప్యాకెట్లు డ్రాప్ అవ్వకూడదు కదా? మా ల్యాబ్‌లో నాన్ బ్లాకింగ్ స్విచ్ మీదే డ్రాప్స్ కనబడ్డాయి. అంటే డేటాషీట్ అబద్ధమా?

---

ప్యాకెట్_పద్మ · మంగళవారం, మధ్యాహ్నం 2:15

తిక్క ప్రశ్న కాదు తమ్ముడూ. ఇంటర్వ్యూల్లో నేనడిగేదే.

నాన్ బ్లాకింగ్ అంటే స్విచ్ మధ్యలో ఇరుకు లేదని. బయటి పోర్టు ఇరుగ్గా ఉంటే స్విచ్ ఏం చేస్తుంది? ఇద్దరు చెరో గిగ్ చొప్పున ఒకే గిగ్ పోర్టుకి పంపితే రెండోది నిలబడాల్సిందే. నిలబడే చోటు బఫర్. 1 ఎంబీ బఫర్ అనుకో, 8 మెగాబిట్లు. అదనంగా 1 జీబీపీఎస్ వచ్చిపడుతుంటే 8 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. ఆపైన వచ్చింది నేలపాలు. ఐదు నిమిషాల సగటు గ్రాఫ్‌లో లింకు 10 శాతమే నిండినట్టుంటుంది, డ్రాప్ కౌంటర్ మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఇలాంటి క్షణకాలపు జోరునే మైక్రోబర్స్ట్ అంటారు.

ఇంకో రకం ఇరుకుంది, నాకిష్టమైనది. ఇన్‌పుట్ దగ్గర ఒకటే క్యూ ఉన్న స్విచ్ ఊహించు. టిఫిన్ సెంటర్లో ఒకటే లైను. ముందున్నాయన ఉప్మా పెసరట్టు అడిగాడు, పెనం ఖాళీ లేదు. వెనకాయనకి ఇడ్లీ కావాలి. ఇడ్లీలు పాత్ర నిండా పొగలు కక్కుతున్నాయి. అయినా ఆయన ఆగాల్సిందే, ముందున్నవాడు కదలడు కాబట్టి. దీన్ని హెడ్ ఆఫ్ లైన్ బ్లాకింగ్ అంటారు. 1987లో కారోల్, లుచిజ్, మోర్గాన్ లెక్కకట్టి చూపించారు: ట్రాఫిక్ అన్ని పోర్టులకీ సమానంగా పోతున్నా, పెద్ద స్విచ్‌లో ఇలాంటి క్యూ ఉంటే 58.6 శాతం మించి దాటదు. ఫ్యాబ్రిక్‌లో దారి ఖాళీగా ఉండి కూడా! మందు కూడా టిఫిన్ సెంటర్లోనే ఉంది. ఇడ్లీకి ఒక లైను, పెసరట్టుకి ఒక లైను. చిప్‌లో వాటిని వర్చువల్ అవుట్‌పుట్ క్యూలు అంటాం.

చూశావుగా, బ్యాక్‌ప్లేన్ ఎంత వెడల్పున్నా క్యూ సరిగ్గా లేకపోతే 40 శాతం గాలికే. ఏ కొటేషన్లోనూ క్యూ ఎలా ఉందో రాయరు. బఫర్ సైజు కూడా ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో.

---

టెండర్_బాధితుడు · మంగళవారం, సాయంత్రం 6:02

మధ్యాహ్నం పూట పెసరట్టు ఉదాహరణ ఇచ్చి నెట్‌వర్కింగ్ చెప్పడం అన్యాయం మేడమ్. సాయంత్రం దాకా ఆకలి తీరలేదు.

---

వరంగల్_వైరింగ్ · మంగళవారం, రాత్రి 9:30

అందరు మస్తు చెప్తున్నరు గని అన్న కెమెరాలు ఎందుకు ఆగుతున్నయో ఎవ్వరు అడుగుతలేరు. నాకొక డౌటు. రాత్రి మంచిగుండి పొద్దున ఖరాబైతున్నదంటే, వేరియబుల్ బిట్‌రేట్ కదా, రాత్రి కారిడార్ల ఎవ్వరు కదలరు, కెమెరా సగం కూడా పంపదు. పొద్దున పిల్లలొస్తే 4కు పోతది. అంటే నడుమ ఎక్కడనో ఒక గీత ఉన్నది. 76 పడుతున్నది, 152 పడుతలేదు.

అన్నా, ఆ ఎన్‌వీఆర్ ఉన్న పోర్టు స్పీడ్ ఎంత చూపిస్తున్నదో ఒక్కసారి చూడు. లైట్ రంగు కాదు, లాగిన్ అయి చూడు.

---

గుంటూరు_ల్యాబ్ · బుధవారం, ఉదయం 9:20

అన్నా, నీ కాళ్లు ఎక్కడున్నాయో చెప్పు.

పోర్టు 47, ఎన్‌వీఆర్. స్పీడ్ 100 ఎంబీపీఎస్, ఫుల్ డ్యూప్లెక్స్ (రాకా పోకా ఒకేసారి). వంద! గిగ్ స్విచ్, గిగ్ ఎన్‌వీఆర్, మధ్యలో వంద. 9:10కి డ్రాప్ కౌంటర్ చూస్తుండగానే తిరుగుతోంది, ఆటో మీటర్ లాగా.

---

వరంగల్_వైరింగ్ · బుధవారం, ఉదయం 9:34

కేబుల్ కాలింది పో. వందకు రెండు జతలే చాలు, నారింజ, ఆకుపచ్చ. గిగ్‌కు నాలుగు జతలు కావాలె. నీలమో గోధుమో ఎక్కడనో తెగింటది. గిగ్ పట్టక పోర్టు తనంతట తనే వందకు దిగింది. రెండు దిక్కుల పంచింగ్ (తీగలను సాకెట్ల దిగగొట్టుడు) మళ్ల కొట్టు.

---

గుంటూరు_ల్యాబ్ · బుధవారం, మధ్యాహ్నం 12:05

గోడ దగ్గర కీస్టోన్‌ సాకెట్లో గోధుమ జత ఊడిపోయి ఉంది. ఎవరో ర్యాక్ వెనక చీపురుతో ఊడ్చేటప్పుడు లాగినట్టున్నారు. మళ్లీ పంచ్ చేశాను, 1000కి వచ్చింది. 38 కెమెరాలూ కదులుతున్నాయి. ఖర్చు సున్నా. సప్లయర్‌కి ఫోన్ చేస్తే "అయినా కొత్తది పెట్టుకుంటే సేఫ్ సార్" అన్నాడు.

ల్యాబ్ కోసం ఒక స్విచ్ ఎలాగూ కావాలి. మొదటి కొటేషన్ ఆర్డర్ పెట్టిస్తున్నాను. పాతది కెమెరాలకే ఉంచేస్తాను. వచ్చాక అది నిజంగా నాన్ బ్లాకింగో కాదో చూసే మార్గం ఉందా? నా దగ్గర లక్షల టెస్టర్లు లేవు, రెండు పీసీలున్నాయి.

---

బే_ఏరియా_సుబ్బు · బుధవారం, సాయంత్రం 7:40

రెండు పీసీలు చాలు. పాము పరీక్ష చేయండి. పోర్టు 1, 2 ఒక వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన చిన్న నెట్‌వర్క్). 3, 4 ఇంకో వీల్యాన్. ఇలా 47, 48 దాకా, 24 వీల్యాన్లు. తర్వాత 2 నుంచి 3కి ప్యాచ్ కార్డు (పొట్టి నెట్‌వర్క్ తీగ), 4 నుంచి 5కి, అలా 46 నుంచి 47కి. మొదటి పీసీ పోర్టు 1లో, రెండో పీసీ 48లో. ఒకే ట్రాఫిక్ పాములా మెలికలు తిరుగుతూ అన్ని పోర్టుల్లోంచీ పోతుంది. ఐపెర్ఫ్‌తో (వేగం కొలిచే సాఫ్ట్‌వేర్) రెండువైపులా ఒకేసారి కొట్టండి. ఎక్కడ ఇరుకున్నా చివర నంబరు పడిపోతుంది. స్పానింగ్ ట్రీ (ట్రాఫిక్ లూపులో తిరిగి నెట్‌వర్క్ కూలకుండా కాపాడేది) ఆపాలి, లేకపోతే ఆ ప్యాచ్ కార్డులు చూసి లూప్ అనుకుని పోర్టులు మూసేస్తుంది. మెయిన్ నెట్‌వర్క్‌కి తగిలించి మాత్రం చేయకండి, చచ్చిపోతారు.

ఒకప్పుడు హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్లో చాసిస్ కార్డు మీద ఇది చేయకుండా బ్యాకప్ సర్వర్లు ఎక్కించాం. 1 నుంచి 6 దాకా వరసగా. బ్యాకప్ రాత్రంతా పాకింది. వారం తర్వాత తెలిసింది, ఆ కార్డులో ప్రతి ఎనిమిది పోర్టులకీ వెనక ఒకే గిగ్ దారి. చేసిందల్లా సర్వర్లను 1, 9, 17, 25, 33, 41 పోర్టులకి మార్చడమే. బ్యాకప్ అర్ధరాత్రికే అయిపోయింది. నా సర్వీసులో బ్యాక్‌ప్లేన్ దోషం కళ్లారా చూసింది ఆ ఒక్కసారే.

---

ప్యాకెట్_పద్మ · బుధవారం, రాత్రి 9:15

పాము పరీక్ష మంచిదే. కానీ ప్రతి పోర్టూ పక్క పోర్టుతోనే మాట్లాడుతుంది కాబట్టి నేను చెప్పిన పెసరట్టు సమస్య ఇందులో బయటపడదు. అలాగే మీ పీసీలు 64 బైట్ల ఫ్రేములను పూర్తి వేగంతో పంపలేవు, ఎంపీపీఎస్ కూడా తేలదు. కాలేజీ ల్యాబ్‌కి ఈ మాత్రం చాలు. చవక స్విచ్‌లు కొన్ని మ్యాక్ టేబుల్ని (ఏ అడ్రసు ఏ పోర్టు మీద ఉందో రాసుకునే పట్టిక) వీల్యాన్ వారీగా విడిగా ఉంచవు, వాటి మీద ఈ పరీక్ష అయోమయంగా వస్తుంది. అలా వస్తే స్విచ్ నెమ్మదని అనుకోకండి.

---

గుంటూరు_ల్యాబ్ · మూడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3:30

స్విచ్ వచ్చింది. 23 ప్యాచ్ కార్డులు మూడు డిపార్ట్‌మెంట్లలో అడుక్కుని పాముని కట్టాను. రెండువైపులా 940 ఎంబీపీఎస్ దగ్గర నిలబడింది, గంటసేపు కదల్లేదు. డ్రాప్స్ సున్నా. ఫొటో పెడదామంటే ఆ తీగల చిక్కు చూసి మీరు తిడతారని పెట్టలేదు. ర్యాక్‌లో కూడా బిగించేశాను, అప్‌లింక్ పెట్టేశాను. రేపు ఎగ్జామ్ ఇమేజ్.

---

వరంగల్_వైరింగ్ · ఆదివారం, మధ్యాహ్నం 3:41

మంచిది అన్నా. స్పానింగ్ ట్రీ మళ్ల ఆన్ చేసినవా?

---

గుంటూరు_ల్యాబ్ · ఆదివారం, మధ్యాహ్నం 3:44

బండి తాళాలు తీస్తున్నా.